పాత లెక్క సరిచూడుడు
(కాగజ్‌నగర్‌లో గ్రామ పంచాయతీ సభ్యుల సమావేశమున ప్రచారాధికారి చేసిన ప్రసంగము)



నేను మీ ముందుకు వచ్చినప్పుడెల్ల విత్తనములను గూర్చియో, మంచినీటిని గూర్చియో, పిల్లలకు వేయించవలసిన టీకాలను గూర్చియో మాటలాడుట మీకు వాడుకయే. నేడు వేఱొక విషయము నెత్తుకొనుచున్నాను. అది న్యాయస్థానములు విధించు శిక్షను గూర్చినది. "మేము వీధిదీపములు, మురుగుకాలువలు చూచుకొనువారము, కోర్టు సంగతులు మాకేల?" అని మీలో కొందరు తలపవచ్చును. కాని గ్రామములో నొకనికి శిక్ష పడిన దినమున వాని తల్లి గాని, భార్య గాని మొదట తట్టునది వకీలు తలుపు కాదు. వార్డు సభ్యుని తలుపు. అప్పుడు మీరు చెప్పు మాటపై ఒక మనుష్యుని జీవితములో కొన్ని సంవత్సరములు ఆధారపడియుండును.

కొంతకాలము క్రిందట ఒక గ్రామమున సభ ముగిసిన తరువాత ఒక ముసలామె నా యొద్దకు వచ్చి, కొంగున ముడివేసిన కాగితమును విప్పి చూపెను. అది ఆమె కుమారునికి శిక్ష విధించిన తీర్పు ప్రతి. దొంగతనపు కేసు. కుమారుడు తప్పు చేసెనని ఆమె దాచలేదు. "తప్పునకు దండన పడవలసినదే, అయ్యా. కాని వీడు రెండవసారి దొంగ అని వ్రాసినారట. మొదటి కేసు కొట్టివేసినారు గదా! ఆ కాగితము ఇంట్లో పెట్టెలో నున్నది" అనెను. "మఱి యెవరికైనను చూపితిరా, అమ్మా?" అని యడిగితిని. "ఊరి పెద్దలకు చూపితిని. తప్పు ఒప్పుకొన్నవానికి అప్పీలు లేదని చెప్పిరి" అనెను. తీర్పు తేదీ చూచితిని. అప్పీలునకు గల ముప్పది దినముల గడువు దాటి అప్పటికే పదునొకండు దినములైనవి.

ఆ పెద్దలు చెడ్డవారు కారు. తెలియక చెప్పిన మాట అది. ఆ తెలియనితనమును తొలగించుటయే నేటి నా ప్రసంగమునకు ఉద్దేశము. ఆమె సంగతి యేమైనదో చివర మనవి చేసెదను.

పాత బాకీ

మీలో చాలమందికి సావుకారు పద్దు పుస్తకము తెలిసినదే. ఈ యేటి అప్పు వ్రాయుటకు ముందు పాత బాకీ యెంత యని చూచి, దానిని క్రొత్త పుటలోనికి ఎక్కింతురు. పాత బాకీ సరిగా నున్నచో వడ్డీ సరిగా నుండును. తీర్చిన బాకీని తీర్చనట్లు వ్రాసినను, ఒకరి బాకీని మఱియొకరి పేర నెక్కించినను, క్రొత్త లెక్క అంతయు తప్పిపోవును. శిక్షల విషయమును ఇట్టిదే. న్యాయస్థానము ముందు రెండు ప్రశ్నలుండును. ఇతడు ఈ నేరము చేసెనా, లేదా? ఇది మొదటిది. చేసినచో, ఎంత శిక్ష వేయవలెను? ఇది రెండవది. పాత బాకీ ఈ రెండవ ప్రశ్న దగ్గర లెక్కకు వచ్చును.

2024 జూలై 1వ తేదీనుండి దేశమున క్రొత్త నేరచట్టములు అమలులోనికి వచ్చినవి. 1860 నాటి భారత శిక్షాస్మృతికి బదులు భారతీయ న్యాయ సంహిత, 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడునకు బదులు భారతీయ నాగరిక సురక్షా సంహిత నడచుచున్నవి. పాత చరిత్ర వలన శిక్ష యెంత మారునో ఒక చిన్న ఉదాహరణమున చూపెదను.

ఒకడు పొలములోని బావివద్దనుండి మూడువేల రూపాయల విలువగల రాగి తీగచుట్టను దొంగిలించినాడనుకొందము. న్యాయ సంహిత 303వ సెక్షను ప్రకారము దొంగతనమునకు మూడు సంవత్సరముల వఱకు కారాగార శిక్షగాని, జుల్మానాగాని, రెండునుగాని వేయవచ్చును. సొత్తు విలువ ఐదువేల రూపాయలకు లోబడియుండి, అతడు మొదటిసారి దోషిగా నిర్ణయింపబడినవాడై, సొత్తు తిరిగి యిచ్చినచో, జైలు లేదు, సమాజసేవయే శిక్ష. అదే మనిషి రెండవసారి దోషిగా నిర్ణయింపబడినవాడైనచో, ఒక సంవత్సరమునకు తక్కువ కాకుండ ఐదు సంవత్సరముల వఱకు కఠిన కారాగార శిక్షయు, జుల్మానాయు తప్పవు. ఇంతియే కాదు. పాత శిక్షాస్మృతిలో 75వ సెక్షనుగా నుండినది ఇప్పుడు న్యాయ సంహితలో 13వ సెక్షనైనది. నాణెములు, నోట్లు, స్టాంపులకు సంబంధించినవియు, ఆస్తికి సంబంధించినవియు నగు నేరములలో, మూడేండ్లుగాని అంతకు మించిగాని శిక్షకు తగిన దానిలో ఒకసారి దోషియైనవాడు మరల అట్టి నేరమే చేసినచో, పదేండ్ల వఱకు, అవసరమైనచో యావజ్జీవము వఱకును శిక్షింపవచ్చునని ఆ సెక్షను చెప్పుచున్నది.

చూడుడు. తీగచుట్ట ఒకటే, రాత్రి ఒకటే, మనిషి ఒకడే. పాత లెక్కను బట్టి సమాజసేవ మొదలుకొని పదేండ్ల జైలు వఱకు శిక్ష మారుచున్నది. కావున ఆ లెక్క యెంత జాగ్రత్తగా వేయవలెనో మీరే ఆలోచింపుడు.

లెక్కకు వచ్చునవి, రానివి

"వానిపై అయిదు కేసులున్నవి" అని మన ఊళ్లలో సులభముగా అనుచుందుము. ఆ అయిదింటిని ఒక్కొక్కటిగా విప్పి చూతము. పేరులేని ఒక యువకుని తీసికొందము.

మొదటిది, గుడుంబా కాచినాడని పడిన జుల్మానా. ఇది దోషిగా నిర్ణయించిన తీర్పే. కాని ఇది ఆస్తికి సంబంధించిన నేరము కాదు గనుక 13వ సెక్షను లెక్కకు రాదు. దొంగతనములో "రెండవసారి" అనుటకును పనికిరాదు. న్యాయాధిపతి అతని నడవడిని మొత్తముగా చూచునప్పుడు దీనిని తలపవచ్చును, అంతియే.

రెండవది, రెండు కుటుంబముల నడుమ జరిగిన కొట్లాట. లోక్ అదాలతులో రాజీ యైనది. చట్టప్రకారము రాజీయైన నేరము నిర్దోషిగా విడుదలయైన దానితో సమానము. కావున ఇది బాకీ కాదు.

మూడవది, పదునాఱేండ్ల వయసున సైకిలు దొంగిలించిన కేసు. బాలల న్యాయమండలి విచారించినది. 2015 నాటి బాలల న్యాయచట్టము 24వ సెక్షను ప్రకారము, ఇట్టి పిల్లవానికి దోషి యనిపించుకొన్నందువలన కలుగు అనర్హతలేవియు అంటవు. ఘోరనేరములు తప్ప తక్కినవాని రికార్డులను గడువు గడచిన పిదప నాశనము చేయవలెనని కూడ ఆ చట్టము చెప్పినది. పిల్లవానికి క్రొత్త జీవితము ప్రారంభించు అవకాశ మీయవలెననుటయే దాని భావము. ఇదియు బాకీ కాదు.

నాలుగవది, ఎడ్ల దొంగతనపు కేసు. ఈ కేసులో అతడు ఒక నెల జైలులో నుండెను. తరువాత సాక్ష్యము లేదని కొట్టివేసిరి. జైలులో నున్నాడు గనుక శిక్ష పడినదని ఊరందఱు అనుకొందురు. అతడు కూడ అట్లే అనుకొనును! కాని విచారణకై రిమాండులో నుంచుట వేఱు, దోషిగా తీర్పుచెప్పి శిక్షించుట వేఱు. కొట్టివేసిన కేసు బాకీ కాదు.

ఐదవది, ధాన్యపు బస్తాల కేసు. ఇంకను విచారణలో నున్నది. తీర్పు రాని కేసు ఆరోపణయే గాని నేరము కాదు. ఇదియు బాకీ కాదు.

ఊరు లెక్కించినది అయిదు. ఈ రెండు సెక్షనుల క్రింద చట్టము లెక్కించునది సున్న.

మఱి రెండు సంగతులు గుర్తుంచుకొనుడు. పాత శిక్షను పై కోర్టు అప్పీలులో కొట్టివేసినచో, అది లెక్కనుండి తొలగిపోవును. అట్లే 13వ సెక్షను వర్తించుటకు, మొదటి తీర్పు వచ్చిన తరువాత రెండవ నేరము జరిగియుండవలెను. ఒకే వారములో రెండు దొంగతనములు చేసి, రెండింటికిని తరువాత తీర్పులు పొందినవాడు, తీర్పు విని కూడ మారనివాడు కాడు.

ఈ లెక్క రాజీ విషయములో కూడ అడ్డువచ్చును. పూర్వపు శిక్ష వలన అధికశిక్షకు పాత్రుడైనవానికి, సాధారణముగా రాజీకి వీలైన నేరములో సైతము రాజీ పనికిరాదు. కనుక తప్పు లెక్క శిక్షను పెంచుటయే గాక, రాజీ ద్వారమును కూడ మూసివేయును.

కాగితమే సాక్షి

మనము కూర్చున్న ఈ ఊరిపేరే కాగితము మీద నిలిచినది. ఉర్దూలో కాగజ్ అనగా కాగితమని మీకు తెలియును. పాత శిక్షయు ఇట్లే కాగితము మీద నిలువవలెను గాని, నోటిమాట మీద కాదు.

సురక్షా సంహిత 234వ సెక్షను ప్రకారము, పాత శిక్షను బట్టి శిక్ష పెంచదలచినచో, ఆ పాత తీర్పు సంగతి, తేదీ, స్థలము నేరారోపణ పత్రములో వ్రాయవలెను. మఱచినచో శిక్ష చెప్పుటకు ముందుగానైనను చేర్పవలెను. 334వ సెక్షను ప్రకారము దానిని రుజువు చేయుటకు, ఆ కోర్టు రికార్డుల అధికారి ధ్రువపఱచిన నకలు గాని, శిక్ష అనుభవించిన జైలు అధికారి ఇచ్చిన ధ్రువపత్రము గాని, జైలుకు పంపిన వారంటు గాని చూపవచ్చును. అది చాలదు. నాడు శిక్ష పొందినవాడును, నేడు బోనులో నిలిచినవాడును ఒక్కడే యని వేఱుగా సాక్ష్యము చూపవలెను.

ఈ చివరి మాట మన ప్రాంతమునకు మిక్కిలి ముఖ్యమైనది. మల్లయ్య, తండ్రి పోశయ్య అనుపేరుగలవారు మన మండలములలో ఎందఱుందురో మీరే చెప్పుడు. మనవారు కూలికై నది దాటి చంద్రపూరు జిల్లాకు పోవుదురు. అటువారు ఇటు వత్తురు. అక్కడి కాగితము మరాఠీలో నుండును, ఇక్కడి కాగితము తెలుగులోనో ఇంగ్లీషులోనో ఉండును. పేరు ఒకటైనంత మాత్రమున మనిషి ఒకడు కాడు. వయస్సు, ఊరు, తల్లి పేరు, నాడతడు ఎక్కడ పనిచేయుచుండెను అను వివరములు తెలిసినవారు ఊరివారే.

చట్టములో ఇంకొక జాగ్రత్త గలదు. ప్రస్తుత కేసులో నిందితుడు దోషి యని తేలువఱకు, పాత శిక్షను గూర్చిన ఆరోపణను చదువరాదు. దానిని గూర్చి అతనిని అడుగరాదు. "వీడు పాతదొంగ" అను తలంపు ముందే మనసులో పడినచో, ఈనాటి సాక్ష్యమును నిష్పక్షపాతముగా తూచుట కష్టమని చట్టము చేసినవారికి తెలియును. దోషి యని తేలిన తరువాత, సాధారణముగా శిక్షను గూర్చి నిందితుడు చెప్పుకొనునది వేఱుగా వినవలెను. ఇది లాంఛనము కాదని, వినకుండ వేసిన శిక్ష నిలువదని 1976లోనే సుప్రీంకోర్టు పంజాబునుండి వచ్చిన ఒక కేసులో చెప్పినది.

పుట్టుకను బాకీగా వ్రాసిన కాలము

పాత చరిత్రను తప్పుగా లెక్కించుట యెంత కీడు చేయగలదో మన తెలుగుదేశము చూచినది. బ్రిటిషు ప్రభుత్వము 1871లో "నేరస్థ జాతుల" చట్టమును తెచ్చెను. 1911 చట్టముతో అది మద్రాసు రాజధానికి, అనగా ఆనాటి కోస్తా, రాయలసీమ జిల్లాలకును వ్యాపించెను. ఎఱుకలవారివంటి సమూహములను పుట్టుకతోనే నేరస్థులుగా పట్టికలో నెక్కించి, వేలిముద్రలు తీసికొని, కొందఱిని స్టూవర్టుపురము, కప్పరాళ్లతిప్పవంటి సెటిల్‌మెంటులలో ఉంచిరి. 1924 నాటి చట్టము క్రింద, పట్టికలోని జాతికి చెందినవాడు కొన్ని నేరములలో రెండవసారి దోషియైనచో, ప్రత్యేక కారణము లేనిదే ఏడేండ్లకు తక్కువ శిక్ష వేయరాదు. మూడవసారియైనచో ప్రవాస శిక్ష. అదే నేరము చేసిన పొరుగువానికి ఈ కొలత లేదు. అనగా పుట్టుకయే పాత బాకీ యైనది.

స్వాతంత్ర్యానంతరము 1952 ఆగస్టు 31న ఆ చట్టము దేశమంతట రద్దయినది. చట్టము పోయినను మాట పోలేదు. "ఆ కులమువాడా? అయితే వాడే చేసియుండును" అను మాట నేటికిని ఊళ్లలో వినబడుచున్నది. 2024 అక్టోబరు 3న, ఒక పాత్రికేయురాలు వేసిన పిటిషనుపై సుప్రీంకోర్టు తీర్పు చెప్పుచు, కులమును బట్టి ఖైదీలకు పనులు పంచు జైలు నియమములను కొట్టివేసి, జైలు రిజిస్టరులలో కులపు గడిని తొలగింపుమని ఆదేశించెను. విముక్త జాతులవారిని ఇష్టానుసారముగా అరెస్టు చేయరాదని కూడ పోలీసులకు గుర్తుచేసెను. అదే సంవత్సరము మే 7న మఱియొక తీర్పులో, పోలీసుల హిస్టరీ షీటు ఆ శాఖ అంతర్గత పత్రమనియు, వెనుకబడిన వర్గములవారి పేరులను యాంత్రికముగా అందులో ఎక్కింపరాదనియు హెచ్చరించెను. పోలీసు పుస్తకములో పేరుండుట నిఘాకు సంబంధించినది. అది కోర్టు తీర్పు కాదు.

లెక్క తప్పిన కేసులు రెండు

లెక్క తప్పినదని పై కోర్టులు శిక్షను సరిదిద్దిన కేసులు రెండు చెప్పెదను. మొదటిది మన పొరుగు రాష్ట్రపు అమరావతి జిల్లాది. 2007లో అక్కడ ఒక చిన్నారిపై ఘోరాతిఘోరమైన నేరము జరిగినది. దోషికి మరణశిక్ష పడినది. 2012లో సుప్రీంకోర్టు కూడ దానిని ఖాయము చేసినది. తరువాత పునఃపరిశీలన జరిగి, 2018 డిసెంబరు 12న ముగ్గురు న్యాయమూర్తులు మరణశిక్షను తొలగించి, శేషజీవితమంతయు విడుదల లేని యావజ్జీవ కారాగార శిక్షగా మార్చిరి. వారు చూపిన కారణములలో ఒకటి, అతనిపై విచారణలోనున్న ఇతర కేసులను శిక్ష నిర్ణయించునప్పుడు లెక్కలోనికి తీసికొనిరనునది. తీర్పు రాని కేసులో మనిషి నిర్దోషియే యను సూత్రము అందఱికిని ఒక్కటే యని కోర్టు చెప్పినది. అంతటి నేరము చేసినవాని విషయములోనే పాత లెక్కను సరిచూచినప్పుడు, తీగచుట్ట దొంగ విషయములో చూడవలదా?

ఈ చిక్కు మన దేశమునకే పరిమితము కాదు. అమెరికా ఫెడరల్ కోర్టులలో పాత శిక్షలకు మార్కులు వేయుదురు. పదుమూడు నెలలకు మించిన పాత శిక్షకు మూడు, అఱువది దినములకు తక్కువ కానిదానికి రెండు, తక్కినవానికి ఒకటి చొప్పున కూడి, ఆఱు తరగతులలో ఒకదానిలో మనిషిని చేర్చుదురు. తరగతిని బట్టి శిక్షావధి యెంత యుండవచ్చునో పట్టిక చూపును. ఒక కేసులో పాత శిక్ష నొకదానిని రెండుమారులు వ్రాసిరి. దానివలన 70 నుండి 87 నెలలుగా నుండవలసిన అవధి 77 నుండి 96 నెలలుగా కనబడినది. అతనికి 78 నెలలు పడినవి. క్రింది కోర్టులో ఎవరును ఆ తప్పును పట్టలేదు, అప్పీలులోనే బయటపడినది. 2018 జూన్‌లో ఆ దేశపు సుప్రీంకోర్టు ఈ తప్పును సరిదిద్దవలసినదే యని చెప్పినది. కూడికలో వచ్చిన తప్పునకు మనిషి ఒక్క నెలయైనను అధికముగా జైలులో నుండరాదను భావము ఏ దేశములోనైనను ఒకటే.

అప్పీలు త్రోవ

ఇక లెక్క తప్పినచో ఏమి చేయవలెను? దీనిని శ్రద్ధగా వినుడు.

మేజిస్ట్రేటు కోర్టు శిక్ష విధించినచో, దానిపై సెషన్సు కోర్టునకు అప్పీలు. మన జిల్లాకు అది ఆసిఫాబాదులో నున్నది. సెషన్సు కోర్టు విధించిన శిక్షపై హైదరాబాదులోని హైకోర్టునకు అప్పీలు. స్వల్పమైన జుల్మానాల వంటి కొన్నిటిపై మాత్రము అప్పీలు లేదు. సెషన్సు కోర్టునకు అప్పీలు చేయుటకు గడువు 30 దినములు. హైకోర్టునకు 60 దినములు. తీర్పు నకలు పొందుటకు పట్టిన దినములను ఇందులోనుండి మినహాయింతురు. గడువు దాటినను, తగిన కారణము చూపినచో ఆలస్యమును మన్నించు అధికారము కోర్టునకు గలదు. కాని ఆలస్యమున కొక్కొక్క దినమునకు జవాబు చెప్పుకొనవలసి వచ్చును.

"తప్పు ఒప్పుకొన్నవానికి అప్పీలు లేదు" అను మాట సగమే నిజము. దోషిత్వముపై అప్పీలు లేదు. కాని శిక్ష యెంత, అది చట్టబద్ధమా అను అంశముపై అప్పీలు గలదని సురక్షా సంహిత 416వ సెక్షను స్పష్టముగా చెప్పుచున్నది. పాత లెక్క తప్పుట సరిగా ఈ అంశమే.

"అప్పీలు చేసినచో శిక్ష ఇంకను పెరుగును" అని భయపెట్టువారును గలరు. దోషి తానే చేసికొన్న అప్పీలులో సెషన్సు కోర్టు శిక్షను తగ్గించవచ్చును, మార్చవచ్చును, అట్లే ఉంచవచ్చును, పెంచరాదు. పెంచవలెనన్నచో ప్రభుత్వము వేఱుగా అప్పీలు చేయవలెను. దోషి తన వాదము చెప్పుకొనుటకు అవకాశ మీయవలెను.

ఖర్చును గూర్చియు భయపడనక్కఱలేదు. జైలు శిక్ష పడినవానికి తీర్పు ప్రతిని వెంటనే ఉచితముగా ఈయవలెను. జైలులో నున్నవాడు అప్పీలు పత్రమును జైలు అధికారి చేతికిచ్చిన చాలును. దానిని కోర్టునకు పంపుట ఆ అధికారి విధి. 1987 నాటి న్యాయసేవల చట్టము క్రింద జైలులో నున్నవారికి, షెడ్యూల్డు కులములు, తెగలవారికి, స్త్రీలకు, పిల్లలకు ఆదాయముతో నిమిత్తము లేకుండ వకీలును ఉచితముగా నియమింతురు. జిల్లా న్యాయసేవాధికార సంస్థకు పోవచ్చును. 15100 అను నంబరునకు ఫోను చేయవచ్చును. అప్పీలు తేలువఱకు శిక్షను నిలిపి బెయిలు ఈయుమని కోరవచ్చును. బెయిలుపై నున్నవానికి మూడేండ్లకు మించని శిక్ష పడినచో, అప్పీలు వేసికొనుటకై శిక్ష వేసిన కోర్టునే బెయిలు అడుగవచ్చును.

పంచాయతీ సభ్యుడు చేయదగినది

పంచాయతీ నేరములను విచారించు కోర్టు కాదు. తీర్పులో జోక్యము చేసికొనుట మీ పని కాదు. కాని మీరు చేయదగిన పని చాల గలదు.

మొదటిది, తేదీ చూచుట. ఎవరైనను తీర్పు కాగితముతో వచ్చినచో, ముందుగా తేదీ చదివి, ముప్పదవ దినము ఎప్పుడు వచ్చునో వారికి చెప్పుడు. తరువాత తీర్పులో "పూర్వపు శిక్ష", "రెండవసారి" అను మాటలున్నవేమో, ఉన్నచో ఏ కోర్టు, ఏ తేదీ అని వ్రాసినారో చూపింపుడు.

రెండవది, కాగితములు కూడగట్టుట. కొట్టివేసిన తీర్పు, లోక్ అదాలతు అవార్డు, వయస్సు తెలుపు బడి ధ్రువపత్రము — ఇవి ఇంటిలో ఏ పెట్టె అడుగుననో ఉండును. "కేసు పోయినది, ఈ కాగితమెందులకు?" అని పొయ్యిలో వేయువారు గలరు. దాచుకొనుమని చెప్పుడు. పోయినచో కోర్టునుండి నకలు తెప్పించుకొనవచ్చునని చెప్పుడు.

మూడవది, మాట జాగ్రత్త. 1958 నాటి ప్రొబేషన్ చట్టము క్రింద, తగిన కేసులలో దోషిని జైలునకు పంపక మంచి నడవడి షరతుపై విడుచుటకు వీలున్నది. అట్టి సమయమున ప్రొబేషన్ అధికారి ఊరికి వచ్చి, ఇతని ఇల్లెట్టిది, పని యెట్టిది, నడవడి యెట్టిది అని విచారించి నివేదిక వ్రాయును. అతడు అడుగునది మిమ్మే. తెలిసినది తెలిసినట్లు చెప్పుడు. పగను బట్టి గాని, పార్టీని బట్టి గాని, కులమును బట్టి గాని చెప్పకుడు. దయతలచి లేని గుణములు కల్పించుటయు తప్పే.

ఇచట నొక మాట. దొంగ పక్షము వహింపుడని నేను చెప్పుటలేదు. తీగ పోయిన రైతు ఆ కారులో నీరు పెట్టలేక నష్టపడినాడు; వానికి న్యాయము జరుగవలెను. శిక్ష పొంది కూడ మరల మరల అదే పని చేయువానికి అధికశిక్ష ఉండుట న్యాయమే. కాని లెక్క నిజమైనదిగా నుండవలెను. లెక్క తప్పిన శిక్ష నష్టపడిన రైతునకును మేలుచేయదు. అది అప్పీలులో నిలువదు, కేసు మరల మొదటికి వచ్చును.

ఇక ఆ ముసలామె సంగతి. మఱునాడు ఆమెను న్యాయసేవల కార్యాలయమునకు పంపితిమి. పెట్టెలోని కొట్టివేత తీర్పు బయటికి వచ్చినది. జరిగినదేమనగా, ఇంతకు ముందు శిక్ష పడినదా యని అడిగినప్పుడు, ఆ యువకుడు రిమాండులో గడిపిన నెలను తలచుకొని "జైలుకు పోయివచ్చినాను" అనెను. ఆ మాటయే లెక్కకెక్కినది. కాగితము నెవ్వరును అడుగలేదు. పదునొకండు దినముల ఆలస్యమునకు కారణము వ్రాసి అప్పీలు వేసిరి. కోర్టు ఆలస్యమును మన్నించి, "రెండవసారి" అనుదానిని తొలగించి, అప్పటికి అనుభవించిన శిక్ష చాలునని తీర్పు చెప్పినది. అతడు దోషి యనుట మారలేదు. ఎంత దోషి యనునది సరియైనది. ఇప్పుడతడు కూలి చేసికొనుచున్నాడు. కాని ఆ పదునొకండు దినములును, అప్పీలు నడచిన దినములును అతడు జైలులోనే యుండెను. ముప్పది దినములలోపల ఊరిలో ఒక్కరు సరియైన మాట చెప్పియున్నచో, ఆ దినములలో కొన్నియైనను మిగిలియుండెడివి.

ఆ ఒక్కరు మీరు కావలెనని నా ప్రార్థన. రేపు మీ తలుపు తట్టి యెవరైనను తీర్పు కాగితము చూపినచో, "ఒప్పుకొన్నవాని కింకేమున్నది" అని పంపివేయకుడు. కూర్చుండబెట్టుడు. తేదీ చూడుడు. పాత లెక్క సరిచూడుడు.